తేదీ వేరు, క్షణం వేరు

ఒక విద్యార్థి దరఖాస్తులో తన పుట్టిన తేదీ 2005 మే 10 అని నింపాడనుకుందాం. కంప్యూటరు నుండి వచ్చిన ధ్రువపత్రంలో మాత్రం మే 9 అని ఉంది. ఇక దానిని సరిచేయించుకోవడానికి అతడు కార్యాలయాల చుట్టూ తిరగాలి. గుమాస్తా పొరపడలేదు, విద్యార్థీ పొరపడలేదు. మరి ఆ ఒక్క రోజు ఏమైనట్లు?

జావా భాషలోని పాత ‘డేట్’ పేరుకు తేదీయే గాని, వాస్తవానికి అందులో ఉండేది ఒక క్షణం. యూటీసీ అనబడే ప్రపంచ ప్రమాణ కాలం ప్రకారం 1970 జనవరి 1 నుండి లెక్కించిన మిల్లీసెకన్ల సంఖ్య అది. భారత కాలమానం యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. కనుక మన దేశంలో మే 10 ప్రవేశించే అర్ధరాత్రి, యూటీసీలో మే 9 సాయంత్రం 6:30 అవుతుంది. మన కాలమానంలో నడిచే యంత్రం ఆ క్షణాన్ని డేటాబేసులో దాచగా, యూటీసీలో నడిచే మరో సర్వరు దానిని తేదీగా చదివితే ఒక రోజు తరిగిపోతుంది.

2014లో వెలువడిన జావా 8 ఈ చిక్కును విప్పింది. అందులోని ‘లోకల్‌డేట్’కు గడియారంతో గాని, దేశంతో గాని పని లేదు. పుట్టిన తేదీని అందులో ఉంచి, డేటాబేసులో కేవలం తేదీకి ఉద్దేశించిన కాలమ్‌లోనే భద్రపరచాలి.

సొమ్ము చెల్లించిన వేళ వంటి జరిగిపోయిన సంగతి నిజంగానే ఒక క్షణం. దానికి ‘ఇన్‌స్టంట్’ తగినది. దానిని యూటీసీలో దాచి, చూపేటప్పుడే చూసేవారి కాలమానంలోకి మార్చాలి. పోస్ట్‌గ్రెస్‌లోని ‘టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్’ చేసేదీ ఇదే. అయితే పేరును బట్టి పొరబడరాదు. అది క్షణాన్ని నిలుపుకుంటుందే తప్ప, ఏ జోన్ నుండి వచ్చిందో గుర్తుంచుకోదు.

అలాగైతే అన్నిటినీ యూటీసీలోనే ఉంచవచ్చు గదా అని కొందరనవచ్చు. రాబోయే సమావేశాల విషయంలో అది చెల్లదు. 2023 మే 15 ఉదయం 10 గంటలకు కైరోలో జరిగే సమావేశాన్ని ఆ జనవరిలోనే యూటీసీ 8 గంటలుగా నమోదు చేశారనుకుందాం. ఆ ఏప్రిల్ 28 నుండి ఈజిప్టు వేసవి కాలమానాన్ని తిరిగి అమలు చేసి, గడియారాలను గంట ముందుకు జరిపింది. దానితో ఆ సమావేశం 11 గంటలకని కనబడుతుంది. ఇటువంటి చోట స్థానిక సమయాన్నీ, ‘ఆఫ్రికా/కైరో’ అనే జోన్ పేరునూ విడివిడిగా దాచాలి. జావాలోని జోన్ నియమాల పట్టికను ఎప్పటికప్పుడు నవీకరిస్తూ ఉండాలి.

కాబట్టి డేటాబేసులో కాలమ్ ఏర్పరచే ముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇది తేదీయా, క్షణమా, లేక ఒక ఊరి గడియారాన్ని బట్టి నడిచే సమయమా?