రక్తము తినకూడదన్న నియమము – అపొస్తలుల కార్యములు 15

పంది మాంసము విషయములో మన సంఘములలో పెద్ద వివాదము లేదు. మార్కు 7:19 చూపి కాపరి జవాబు చెప్పగలడు. మేక నెత్తురు వేపుడు తిన్న విశ్వాసికి ప్రభువు బల్లలో పాలు ఇవ్వవచ్చునా అని అడిగినప్పుడు మాత్రము జవాబు అంత సులభముగా రాదు. ఈ నిషేధము మోషేకు ముందే నోవహుకు ఇయ్యబడినది (ఆది. 9:4). యెరూషలేము సభ దానిని అన్యజనులైన విశ్వాసులకు కూడ వ్రాసి పంపినది (అపొ. 15:29).

సంఘ చరిత్రలోను ఏకాభిప్రాయము లేదు. కాన్‌స్టాంటినోపులులో క్రీ.శ. 692లో కూడిన త్రుల్లో సభ, రక్తము తిను సామాన్య విశ్వాసిని సహవాసమునుండి వెలివేయవలెనన్నది. పశ్చిమమున అగస్టీను అంతకు ముందే, అది యూదులు, అన్యులు ఒక్క సంఘముగా కట్టబడుచున్న కాలమునకు తగిన నియమమని వివరించాడు. 1442లో ఫ్లోరెన్సు సభ కూడ అదే మార్గమున నడిచింది.

అగస్టీను వివరణే వాక్యమునకు దగ్గరగా ఉన్నదని మేము తలంచుచున్నాము. ప్రతి పట్టణములో సమాజమందిరములయందు మోషే గ్రంథము చదువబడుచున్నదని యాకోబు కారణము చెప్పాడు (15:21). అనగా అతని దృష్టి ప్రక్కన కూర్చుండి భుజించు యూదు సహోదరునిమీద ఉన్నది. మరి జారత్వము కూడ ఆ పట్టికలోనే ఉన్నది గదా? ఉన్నది. అయితే పౌలు దానిని, శరీరము ప్రభువుదన్న వేరొక ఆధారముపై ఖండించాడు (1 కొరింథీ 6). ఆహారమును అట్లు ఖండింపలేదు.

నోవహును బట్టి చేయు వాదన నిజముగా బలమైనది. అయినను రక్తము ప్రాయశ్చిత్తము కొరకు బలిపీఠమునకు ప్రత్యేకింపబడినదని లేవీ. 17:11 తెలుపుచున్నది, ఆ పని సిలువలో నెరవేరినది.

కాబట్టి నెత్తురు వేపుడు కారణముగా బల్ల నిరాకరించుటకు ఆధారము కనబడదు. ప్రేమవిందులో దానిని వడ్డించుట వేరు. దానిని తినుట పాపమని తలంచు సహోదరుడు ఆ పంక్తిలో ఉంటే 1 కొరింథీ 8:13 వర్తిస్తుంది.