కొండ కడుపులో కాంక్రీటు గాజులు

రేకులు రేకులుగా విడిపోయే గుణమే మార్కాపురం పలకకు అందం. సొరంగానికి అదే గండం. నల్లమలలో గట్టి రాయి పక్కనే ఇలాంటి పొరల రాయీ ఉంది మరి!

ఫ్లోరైడు బోరు నీళ్లతో విసిగిన పశ్చిమ ప్రకాశానికి శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీళ్లు తేవడానికి వెలిగొండ ప్రాజెక్టులో రెండు సొరంగాలు తవ్వారు. ఒక్కోటీ సుమారు 18.8 కిలోమీటర్లు. మొదటి దాని తవ్వకం 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. లోపలి వ్యాసం ఒకదానికి 7 మీటర్లు, మరోదానికి 9.2.

యంత్రం తవ్వుకుంటూ ముందుకు పోతుంటే, వెనకాలే పోతపోసిన కాంక్రీటు ముక్కల్ని గాజుల్లా బిగిస్తారు. కొండే నిలబడింది కదా, మళ్లీ ఈ గోడెందుకూ అంటారా? పొరల రాయి ఎప్పుడు జారుతుందో చెప్పలేం. పైగా రాతి పగుళ్లలో ఊరిన నీరు బయటి నుంచి నెడుతూనే ఉంటుంది. సొరంగం నిండా నీళ్లుంటే ఆ నెట్టుడుకి లోపలి నుంచి ఎదురు ఉంటుంది. ఖాళీ అయినప్పుడే గోడకు అసలు పరీక్ష.

గాజుకీ రాతికీ మధ్య సందు మిగిలిందా, బరువంతా ఒకచోటే పడి ముక్క పగలొచ్చు. అందుకే అందులో సన్నకంకర నింపి, సిమెంటు పాలు ఒత్తిడితో ఎక్కిస్తారు. ఎవరికీ కనపడని పని. అక్కడ తేడా వస్తే నీళ్లు ఆపి, సొరంగం ఖాళీ చేసి బాగుచేయాల్సిందే.