పాత ఆడియో పరికరాలు: కొనే ముందు నాణ్యతను అంచనా వేయడం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• పాత ఆంప్లిఫయర్, స్పీకర్లు, రికార్డు ప్లేయర్లలో సులువుగా బాగయ్యే లోపాలను, బాగుచేయడం కష్టమైన లోపాలను వేరుచేయగలుగుతారు.
• కొనే ముందు చేయవలసిన పరీక్షలను వరుసక్రమంలో చేయగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత ఆంప్లిఫయర్ కొన్నాను. అంగట్లో ఒక్క పాట విని, బాగుందనుకుని డబ్బు చెల్లించాను. ఇంటికి తెచ్చి ముప్పావుగంట మోగించేసరికి కాలిన వాసన వచ్చి ధ్వని ఆగిపోయింది. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయింది. దానికి సరిపోయే మరొకటి ఎక్కడా దొరకలేదు. ఒక్క పాట వ్యవధిలో ట్రాన్స్‌ఫార్మర్ సరిగా వేడెక్కనైనా వేడెక్కదని నాకు అప్పుడు తోచలేదు.

పాత పరికరంలో ఏదో ఒక లోపం ఉండనే ఉంటుంది. ఆ లోపం ఏ భాగంలో ఉంది, ఆ భాగం నేడు దొరుకుతుందా అన్నవే మీరు తేల్చుకోవలసిన విషయాలు. ధర వాటిని బట్టి నిర్ణయం కావాలి.

2. విద్యుత్ సరఫరా

ముందుగా పరికరం వెనుక పలకను చదవండి. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120 వోల్టులు వాడతారు. ఆ దేశాల కోసం తయారైన పరికరాన్ని నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. వోల్టేజిని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ వాడవచ్చు గాని, అది హెర్ట్జ్‌ను మార్చదు. అందువల్ల 60 హెర్ట్జ్ సింక్రనస్ మోటారు ఉన్న అమెరికా రికార్డు ప్లేయర్‌లో నిమిషానికి 33⅓ సార్లు తిరగవలసిన రికార్డు ఇక్కడ దాదాపు 27.8 సార్లే తిరుగుతుంది. పాట నెమ్మదించి, గొంతు బొంగురుపోతుంది.

3. ఆంప్లిఫయర్

ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ అయితే స్పీకర్లు తగిలించక ముందే పరీక్షించండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, ఆన్ చేసి, కొన్ని నిమిషాలు ఆగండి. తరువాత మల్టీమీటరును డి.సి.లో ఉంచి స్పీకర్ టెర్మినళ్ల మధ్య కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే సాధారణంగా ఫరవాలేదు. వోల్టులలో ఉంటే ఆ ఆంప్లిఫయర్ మీ స్పీకర్లను కాల్చేస్తుంది. వాల్వు ఆంప్లిఫయర్‌ను మాత్రం స్పీకర్ లేకుండా ఆన్ చేయకూడదు.

వాల్యూమ్ తిప్పేటప్పుడు గరగరమంటే అది చాలావరకు దుమ్ము. క్లీనర్ స్ప్రేతో పోవచ్చు. వాల్యూమ్ సున్నాలో ఉన్నా గుంయ్‌మనే శబ్దం ఆగకపోతే విద్యుత్ సరఫరా విభాగంలోని కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. అవి దొరుకుతాయి, ఆ ఖర్చును ధరలో తగ్గించి అడగండి. కాలిన వాసన వచ్చినా, ట్రాన్స్‌ఫార్మర్ చేయి పెట్టలేనంత వేడెక్కినా కొనకండి. ఇది తెలియాలంటే కనీసం అరగంట మోగించాలి.

హెచ్చరిక: ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. మూత తీసి లోపల చేయి పెట్టకండి.

4. స్పీకర్లు

ముందు జాలీ తీసి, కోను చుట్టూ ఉన్న అంచును చూడండి. ఫోమ్ అంచు ఏళ్లు గడిచేకొద్దీ పొడి అవుతుంది. వేలితో తాకితేనే రాలుతుంది. దాన్ని మార్చవచ్చు. రబ్బరు, గుడ్డ అంచులు ఎక్కువ కాలం మన్నుతాయి. పెద్ద కోనును రెండు వైపులా వేళ్లతో సమంగా, మెల్లగా నొక్కండి. లోపల గీసుకున్న శబ్దం వస్తే వాయిస్ కాయిల్ దెబ్బతిన్నదని అనుమానించాలి. ఇది ఖర్చుతో కూడిన లోపం. చిన్న ట్వీటర్‌ను మాత్రం నొక్కకండి.

5. రికార్డు ప్లేయర్

బెల్టు సాగినా, సూది అరిగినా దిగులు పడనక్కరలేదు. చాలా మోడళ్లకు కొత్తవి దొరుకుతాయి. అరిగిన సూదితో మీ మంచి రికార్డును మాత్రం పరీక్షించకండి, దాని గాళ్లు పాడవుతాయి. టోన్ ఆర్మ్ బేరింగులు వదులైతే బాగుచేయడం కష్టం. కాబట్టి ఆర్మ్‌ను మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి.

వేగం నిలకడను చెవితోనే పట్టవచ్చు. తంబురా శ్రుతి స్పష్టంగా వినిపించే కచేరీ రికార్డును వేయండి. శ్రుతి ఊగినట్లు వినిపిస్తే వేగం నిలకడగా లేదన్నమాట. సినిమా పాటల హోరులో ఈ లోపం తేలికగా దాగిపోతుంది.

6. సారాంశం

బెల్టు, సూది, కెపాసిటర్లు, ఫోమ్ అంచు మార్చుకోదగినవి. ట్రాన్స్‌ఫార్మర్, వాయిస్ కాయిల్, టోన్ ఆర్మ్ బేరింగులు చెడితే వదులుకోవడమే మేలు. అమ్మేవారు అరగంట మోగించడానికి ఒప్పుకోకపోతే మర్యాదగా నమస్కరించి వచ్చేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అమెరికా నుంచి మీ బంధువులు తెచ్చిన రికార్డు ప్లేయర్‌కు వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే ఎందుకు చాలకపోవచ్చు?
2. ఒక ఆంప్లిఫయర్‌లో గరగర, మరొకదానిలో కాలిన వాసన ఉన్నాయి. మీరు దేన్ని ఎంచుకుంటారు? కారణం రాయండి.