చివరి పూత వారిదే, తొలి కోత వారికే

ఇల్లు కట్టేటప్పుడు అందరికంటే ఆఖరున గడప తొక్కేది రంగుల మేస్త్రి. పునాదికీ స్లాబుకీ టైల్సుకీ ఉన్నదంతా పోసి, వడ్డీకి తెచ్చింది కూడా అయిపోయాక యజమాని గట్టిగా బేరమాడేది అతనితోనే. “ఇప్పటికి ప్రైమర్ కొట్టి వదిలెయ్యి, పంటొచ్చాక చూద్దాం” అంటాడు. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు తెల్లగా మిగిలిపోయే గోడల వెనక లెక్క ఇదే.

నిన్నమొన్నటి దాకా పశ్చిమ ప్రకాశం అని పిలిచిన ఈ ప్రాంతంలో ఆ ‘పంటొచ్చాక’ అన్న మాటకు పూచీ లేదు. పక్కనే నల్లమల ఉన్నా ఇది వానకు మొహం వాచిన నేల. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ సాగునీటి ప్రాజెక్టులో రెండు సొరంగాల తవ్వకం ముగిసేసరికే 2024 వచ్చింది. మిర్చి, పత్తి, కంది ధరలు ఎటు నడిస్తే రంగుల పని అటే. పలకల పరిశ్రమ వెలిగిన రోజుల్లో మార్కాపురానికి వానతో నిమిత్తం లేని రాబడి కొంత ఉండేది. పిల్లల చేతికి నోటుపుస్తకాలొచ్చాక అదీ సన్నగిల్లింది. చెయ్యి తిరిగిన కుర్రాళ్లు హైదరాబాదు, బెంగళూరు బస్సెక్కుతుంటే, ఉన్న ఊళ్లో నలుగురితో పని నడపడం మేస్త్రికి కత్తి మీద సామే.

దానికి తోడు దెబ్బ మీద దెబ్బ. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయ్యాయి. వారం కూలీ నోట్లలోనే లెక్కపెట్టే పని ఇది. 2017 జులైలో రంగుల మీద 28 శాతం జీఎస్టీ పడింది, ఏడాదికి 18కి దిగింది. 2019లో ఇసుక దొరక్క కట్టుబడులు ఆగాయి. ఇసుక మళ్లీ వచ్చినా ముందు పని దొరికేది తాపీ మేస్త్రికి. అతను కట్టే ఇల్లు లప్పం దాకా రావడానికి ఇంకా నెలలు పడతాయి. ఈలోగా 2020 లాక్‌డౌన్ వచ్చిపడింది.  

చిన్న మేస్త్రిని బాగా ముంచేది మాత్రం ‘మెటీరియల్‌తో సహా’ గుత్త. లక్ష రూపాయలకు ఇల్లు ఒప్పుకున్నాడనుకుందాం. రంగులు, లప్పం అరవై వేలు, కూలీలకు ముప్పై, మిగిలేది పది. పని మధ్యలో రంగుల ధర 15 శాతం పెరిగితే తొమ్మిది వేలు ఎగిరిపోతాయి. 2021లో జరిగింది ఇలాంటిదే. ముడిచమురు, టైటానియం డయాక్సైడ్ ప్రియమై కంపెనీలు ఒకే ఏడాదిలో పలుమార్లు ధరలు పెంచాయి. నోటిమాట మీద కుదిరిన రేటు మాత్రం కదల్లేదు.

సున్నం, నీలిమందు కాలంలో ఈ బెడద లేదు. యజమానే సున్నం నానబెట్టి మేస్త్రికి కబురు పెట్టేవాడు. నా దృష్టిలో చిన్న మేస్త్రికి నేటికీ అదే దారి: సరుకు యజమానిది, చదరపు అడుగు లెక్కన కూలి తనది. 2024లో బిర్లా ఓపస్ రంగప్రవేశంతో రంగుల కంపెనీల పోటీ ముదిరింది. మేస్త్రిని ఆకట్టుకోవడానికి కంపెనీలు డబ్బాలో పెట్టే నగదు టోకెన్ కోసం అతను ఫలానా కంపెనీనే కొనమంటాడని సణిగేవాళ్లున్నారు. బేరంలో కోసిన కూలి ముందు ఆ టోకెన్ ఎంత? అంతకంటే అతను గోడను గోరుతో గీరి చెప్పే మాట వినడం మేలు. బోరునీటిలో ఉప్పు ఎక్కువుంటే అది గోడలోంచి పొంగి ఎంత ఖరీదైన ఎమల్షన్‌నైనా పొరలుగా ఊడదీస్తుంది. ఆరనిచ్చి, గీకి, మళ్లీ ప్రైమర్ వేయాలనే మేస్త్రి పని సాగదీస్తున్నట్టు కాదు.

2025 సెప్టెంబరులో సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. రంగుల మీద 18 అలాగే ఉంది. ఆ ఏడాది చివర్లో మార్కాపురం జిల్లా కేంద్రమైంది. కార్యాలయాలూ అద్దె ఇళ్లూ పెరిగితే పని పెరుగుతుంది. కానీ పెద్ద టెండర్లలో నలుగురు మనుషుల మేస్త్రికి దక్కేది ఉపగుత్త పనే, బిల్లు పాసయ్యేదాకా ఎదురుచూపే. పెయింటర్లు కూడా భవన నిర్మాణ కార్మికుల కోవలోకే వస్తారు. ఆ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోని వాళ్లు ఆ పని ముందు చూసుకోవాలి.

ఇక ఇంటివాళ్లకు ఒక విన్నపం. ఈసారి పండక్కి ఇంటికి రంగులు వేయిస్తే డబ్బాలు మీరే కొనివ్వండి, రేటు కాగితం మీద రాసుకోండి, మిగిలిన కూలి పని ముగిసిన సాయంత్రమే చేతిలో పెట్టండి.