వరిచేనిలో శక్తిప్రవాహము - సుడిదోమ లెక్క

కాలువ తలాపున నున్న మడికిని చివరనున్న మడికిని నీరు సమానముగా నందదని మన సభ్యులకు వేఱుగ జెప్ప నక్కఱలేదు. దారిలో గట్లు త్రాగును, ఎండ త్రాగును, గండ్లు త్రాగును. చివరి రైతునకు జేరునది మిగులు మాత్రమే. చేనియందు బ్రదుకు జీవులకు ఆహారమువలన గలుగు శక్తియు నిట్లే ప్రవహించుచున్నది. ఈ సంగతి దెలిసిన రైతు సుడిదోమకు మందు ఎప్పుడు కొట్టవలెనో, ఎప్పుడు కొట్టగూడదో తానే నిర్ణయించుకొనగలడు.

ఈ కాలువకు తలాపు సూర్యుడు. పైరు తనపై బడిన వెలుతురులో నూటికి ఒకటి రెండు పాళ్లకంటె నెక్కువ పట్టజాలదు. ఆ పట్టినదే వేరు, గడ్డి, గింజ యగుచున్నది. వరిరసమును బీల్చు సుడిదోమకు దక్కినదంతయు దాని యొడలు గాదు. పెక్కుపాలు ఊపిరికిని, దూకుటకును, ఎగురుటకును వ్యయమై వేడిగా మాఱిపోవును. కొంత విసర్జనమై రాలును. ఆ దోమను దిన్న సాలీటి విషయమును నింతే. ఒక మెట్టునుండి పైమెట్టునకు సుమారు పదింట నొకవంతు చేరుననుట స్థూలమైన లెక్క. పైరునందు 1000 పాళ్లున్నచో పురుగులకు 100, సాలీళ్లకును కప్పలకును 10, వానిని దిను పాములకును కొంగలకును 1. ఒక్కొక్కచోట ఈ లెక్క హెచ్చుతగ్గు లగును గాని తగ్గుట మాత్రము తప్పదు. చేనిలో దోమలు లెక్కకు మిక్కిలియై యుండగా పైన దిరుగు గద్ద ఒకటి రెండే యగుటకు కారణ మిదియే.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున నొక చిన్న బురదకొలనును బరిశీలించి, రేమండ్ లిండెమన్ అను యువకుడు ఈ మెట్ల లెక్కను శాస్త్రరూపమున బెట్టెను. ఆయన వ్యాసము 1942లో అచ్చయ్యెను. అది వెలువడకమునుపే, 27 ఏండ్లు నిండకయే, ఆయన గతించెను.

కాలువతోడి పోలిక యొకచోట నిలువదు. శక్తి పోయినది పోయినట్లే. సూర్యుడు దినదినమును క్రొత్తగా నీయవలసినదే. ఎరువులోని నత్రజని, భాస్వరము మొదలగునవి యట్లుగాక, పెంటరూపమునను కుళ్లు రూపమునను మరల మట్టికి వచ్చును.

ఇక మందు సంగతి. సాలీళ్లు చివరి ఆయకట్టు రైతులవంటివి. వాని యాదాయము స్వల్పము, సంఖ్య స్వల్పము. దోమ యన్ననో, తలాపున గూర్చున్నది. చేనంతయు దాని కాహారమే. ఒక ఆడదోమ వందలకొలది గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు ఆకుతొడిమలలోపల దాగియుండుటచే మందు వానికి సరిగా దగులదు. తొందరపడి కొట్టిన మందు పైనున్న దోమలతోపాటు సాలీళ్లను, గ్రుడ్లను బీల్చివేయు మిరిడ్ నల్లులను గూడ జంపును. వారము పదిదినములకు గ్రుడ్లు పగిలి పిల్లదోమలు వెలువడును. వానిని దినువా రుండరు. తోడేలు సాలీడు దినమునకు 5 మొదలు 15 పురుగులవరకు దినునని వరి శాస్త్రజ్ఞులు గుర్తించియున్నారు. అట్టి కూలిలేని కాపలాదారును మన డబ్బుతో మనమే చంపుకొని, పిమ్మట రెండవ మందునకు అప్పు చేయుచున్నాము. కొన్ని మందులు కొట్టిన చేలలో కొట్టనివానికంటె దోమ హెచ్చుగా బెరుగుట పరిశోధనలలో బలుమాఱు కనబడినది.

ఇండొనీషియాలో ఇట్లే దోమపోటు ప్రబలగా, 1986లో అచ్చటి ప్రభుత్వము 57 మందులను వరిపై వాడరాదని శాసించి, రైతులకు పురుగులను గుర్తించు శిక్షణ మేర్పాటు చేసెను. మందుల వాడుక తగ్గినను ధాన్యపు పంట తగ్గలేదు.

అయితే దోమ రాకమునుపు సాలీడు చేనిలో నేమి తిని బ్రదుకును? ఈ ప్రశ్నకు జావాద్వీపమున బరిశోధన చేసినవారు 1996లో సమాధానము ప్రకటించిరి; రైతున కిది మిక్కిలి పనికివచ్చునది. శక్తి పచ్చని పైరు ద్వారమున మాత్రమే గాక, కుళ్లు ద్వారమునను బ్రవహించును. పశువుల పెంట, పచ్చిరొట్ట, పాతమోళ్లు దమ్ములో గలిసి కుళ్లినప్పుడు కంటికి గనబడని క్రిములు పుట్టును. వానిని దిని, నీటిలోని నాచును దిని, వరికి హానిచేయని చిన్నదోమలు, ఈగలు పెరుగును. నాట్లు వేసిన తొలి వారములలో సాలీళ్లకు ఇవియే కూడు. సుడిదోమ వచ్చునప్పటికి కాపలా సిద్ధమై యుండును. జీలుగ, జనుము, పిల్లిపెసర దున్నుట భూసారమునకు మాత్రమే యని తలంచువారు ఈ రెండవ లాభమును గూడ లెక్కలో వేసికొనవలెను. తొలిదశలోనే మందు చల్లినచో ఈ మెట్టు మొదటనే విఱిగిపోవును.

కప్పల మాట యొకటి. వాని కాళ్లను విదేశములకు బంపు వ్యాపారము మన దేశమున చాలకాలము సాగెను. 1987లో ప్రభుత్వము దానిని నిషేధించినది. అంతవఱకు చేలనుండి పోయిన కప్పలు పురుగులను దినవలసినవే.

డి.డి.టి. వంటి కొన్ని విషములు శక్తివలె మెట్టుమెట్టునకును తఱిగిపోవు. అవి క్రొవ్వులో నిలిచియుండును గనుక, వందపురుగులను దిన్న కప్పలో ఆ వందింటి విషమును జేరును. అట్టి కప్పలను దిన్న పక్షిలో మఱింత. డి.డి.టి.ని వ్యవసాయమున వాడుటను మన దేశమున 1989లో నిషేధించిరి.

చేయదగిన పని సులభము. నాటునప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడువవలెను. గాలి వెలుతురు మొదళ్లకు సోకినచో దోమ యంతగా బెరుగదు. నత్రజని యెరువు అతిగా వేయరాదు. వారమున కొకమాఱైనను చేనిలోనికి దిగి, నాలుగైదుచోట్ల దుబ్బులను వంచి మొదళ్లయొద్ద దోమలను లెక్కింపవలెను. గట్టుమీద నిలిచి చూచుట లెక్కకు రాదు. పిలకల దశలో దుబ్బునకు 10-15, ఈనిక దశలో 20-25 ఉన్నప్పుడు మాత్రమే మందు సంగతి యాలోచింపదగును. అప్పుడైనను సాలీళ్లు, మిరిడ్ నల్లులు మెండుగానున్నచో రెండుమూడు దినము లాగి మరల లెక్కించుట మేలు. కొట్టక తప్పనిచో, వ్యవసాయాధికారి చెప్పిన మందును చెప్పిన మోతాదున, పైయాకులమీద గాక దుబ్బు మొదళ్లకు దగులునట్లు కొట్టవలెను. సంఘములవారు జీలుగ, జనుము విత్తనమును తొలకరికి ముందే తెప్పించి యుంచినచో సభ్యులు అదనునకు చల్లుకొందురు.