పైగది వేస్తున్నారా? ముందు పంచాయతీ గడప ఎక్కండి!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లి కోసమే ఇల్లు పెంచబోయి, రెండు కష్టాలనూ ఒకేసారి నెత్తికెత్తుకున్న సంసారాలు జిల్లాలోని పల్లెల్లో చాలానే కనిపిస్తాయి.

ఏ ఊళ్లో విన్నా కథ దాదాపు ఒక్కటే. మూడు సెంట్ల స్థలం, తండ్రి హయాంలో కట్టిన రెండు గదుల శ్లాబు ఇల్లు. పెద్దకొడుక్కి సంబంధం కుదిరింది. కోడలు కాపురానికి వచ్చేలోగా మేడమీద ఒక గది, బయటినుంచి మెట్లు వేయాలని ఇంటాయన తలపెడతాడు. పంట డబ్బు చేతికొచ్చింది. పురోహితుడు ముహూర్తం పెట్టాడు. తాపీ మేస్త్రి సరేనన్నాడు. పంచాయతీకి దరఖాస్తు పెట్టే మాట మాత్రం ఎవరికీ గుర్తు రాదు. గుర్తు చేసినవారికి, “మన ఇంటిమీద మనం గది వేసుకోవడానికి ఒకరి పర్మిషన్ ఏమిటండీ, ఇదేమన్నా పట్నమా?” అన్నదే సమాధానం.

తీరా పని మొదలయ్యాక మెట్లు సందులోకి రెండడుగులు వస్తాయి. ట్రాక్టరు తిరగదని ఎదురింటివారు అడ్డు చెబుతారు. మాటామాటా పెరిగి ఫిర్యాదు వెళుతుంది. పంచాయతీ నోటీసు వస్తుంది. పని నిలిచిపోతుంది. వానకు తడిసిన సిమెంటు బస్తాలు గడ్డకడతాయి. చివరికి సగం లేచిన గోడల ముందే పెళ్లి పందిరి వేయవలసి వస్తుంది. పోయిన డబ్బు ఒక ఎత్తు, తరతరాలుగా వరుసలు పెట్టి పిలుచుకున్న ఇరుగుపొరుగు ముఖాలు తిప్పుకోవడం ఒక ఎత్తు.

చట్టం పల్లెకూ ఉంది

ఇంటి అనుమతి పట్నానికే అన్నది అపోహ. మన రాష్ట్రంలోని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామంలో కొత్త ఇల్లు కట్టాలన్నా, పాతది తిరగకట్టాలన్నా, ఉన్న ఇంటికి గది చేర్చాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో చేరిన ఊళ్లలో ఆ సంస్థ నిబంధనలు కూడా వర్తిస్తాయి. తమ ఊరు ఏ పరిధిలో ఉందో పంచాయతీ కార్యదర్శిని అడిగితే తెలుస్తుంది.

పన్ను రసీదు హక్కు పత్రం కాదు

పల్లెల్లో అసలు చిక్కు హద్దుల దగ్గర వస్తుంది. పాత ఇళ్లు ఎక్కువగా గ్రామకంఠంలో ఉంటాయి. తాతల నాటినుంచి అనుభవిస్తున్నా, చాలామంది దగ్గర దస్తావేజు ఉండదు. ఏటా కడుతున్న ఇంటి పన్ను రసీదే హక్కు పత్రమని నమ్ముతారు. పన్ను కట్టినట్టు అది రుజువే గాని, స్థలం తమదని తేల్చే పత్రం కాదు. బ్యాంకుకు అప్పుకు వెళ్లినప్పుడు ఈ సంగతి బయటపడుతుంది. అక్కడ హక్కు పత్రంతో పాటు అనుమతి పొందిన ప్లాను కూడా అడుగుతారు.

ఈ కొరత తీర్చడానికే 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం ప్రారంభించింది. ఇళ్ల హద్దులకు సున్నం గీసి, డ్రోనుతో పైనుంచి ఫొటోలు తీసి, వాటిని బట్టి యజమానులకు ఆస్తి కార్డులు ఇవ్వడం ఈ పథకం పద్ధతి. సర్వే పూర్తయిన ఊళ్లవారు గది తలపెట్టే ముందు తమ కొలతలు ఎలా నమోదయ్యాయో చూసుకోవడం మంచిది.

తీగ పక్కనే మృత్యువు

హద్దు తగవు పెద్దలు కూర్చుంటే తీరవచ్చు. కరెంటు తీగతో తగవు తీరేది కాదు. కింది ఇల్లు కట్టినప్పుడు తలకు ఎంతో ఎత్తున ఉన్న తీగ, పైగది లేచేసరికి చేతికి అందేటంత దగ్గరకు వస్తుంది. ఇనుప చువ్వ పైకి ఎత్తే కూలీ తీగను గమనించకపోతే ఒక్క క్షణంలో ప్రాణం పోతుంది.

విద్యుత్ భద్రతా నిబంధనల ప్రకారం 11 కె.వి. తీగకు, ఇంటికి మధ్య పక్కవైపు 1.2 మీటర్లు, అంటే సుమారు 4 అడుగుల ఎడం ఉండాలి. తీగ ఇంటి మీదుగా పోతుంటే మేడ పైభాగం నుంచి 3.7 మీటర్లు, అంటే సుమారు 12 అడుగులు ఉండాలి. ఇళ్లకు కరెంటు ఇచ్చే మామూలు తీగకైతే పక్కకు 1.2 మీటర్లు, పైకి 2.5 మీటర్లు ఉండాలి. ఈ కొలత కుదరకపోతే పని మొదలుపెట్టక ముందే విద్యుత్ శాఖకు రాతపూర్వకంగా తెలపాలి. తీగ జరపడానికయ్యే ఖర్చు ఇంటివారు భరించవలసిందే. అయినా ప్రాణం కంటే అది ఎక్కువ కాదు.

ఏం చేయాలి?

ముందుగా ఇంటి స్థలం నాలుగు వైపులా కొలిపించాలి. ఉన్న గదులు, వేయబోయే గది, మెట్లు, సందు వెడల్పు, తీగ ఉన్న చోటు చూపిస్తూ ప్లాను గీయించాలి. హక్కు పత్రం నకలు, పన్ను రసీదు జతచేసి పంచాయతీలో దరఖాస్తు ఇవ్వాలి. రుసుము ఎంతో అడిగి కట్టి రసీదు తీసుకోవాలి. దరఖాస్తు ముట్టినట్టు తేదీతో సంతకం చేయించుకోవడం మరువరాదు. ముహూర్తం కాగితం చేతికి వచ్చాకే పెట్టుకోవాలి.

అటు పంచాయతీలకూ బాధ్యత ఉంది. కార్యదర్శి ఇవాళ రమ్మని, రేపు రమ్మని తిప్పితే, చేతులు తడిపితే గాని కాగితం కదలకపోతే, జనం అనుమతి మాటే ఎత్తరు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లను నియమించింది ఇలాంటి పనులకు మనిషి ఊళ్లోనే దొరకాలనే. స్థలం చూసి, కుదరకపోతే ఎందుకు కుదరదో రాసి ఇవ్వాలి. దరఖాస్తు ఏమైందో తెలియనివారు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గ్రామస్థాయి కార్యాలయాల్లో ఇందుకు దరఖాస్తు రుసుము కూడా లేదు.

గోడ లేచాక పడగొట్టడం కష్టం. కాగితం మీద గీత చెరపడం తేలిక. మెట్లు సందులోకి వస్తున్నాయని ప్లానులోనే తెలిస్తే ఇటుక నష్టం లేదు, ఇరుగుపొరుగుతో తగాదా లేదు. కొత్త కోడలు అడుగుపెట్టే నాటికి గదీ సిద్ధంగా ఉంటుంది, ఎదురింటివారూ పెళ్లికి వస్తారు.