శ్వాసకు సగం కొలత

దీపావళి దాటిందంటే హస్తినలో రాజకీయ చర్చలన్నీ గాలి చుట్టూ తిరగనారంభిస్తాయి. ఎవరి పొలంలో పొగ, ఎవరి బండిలో పొగ అన్న వాగ్వాదమే తప్ప, ఆ గాలి మనిషి ముక్కులో ప్రవేశించిన తరువాతి సంగతి అంతగా చర్చకు రాదు. ఆ కుతూహలంతోనే ఇటీవల ఇక్కడి ముక్కు వైద్యుడొకరి వద్దకు వెళ్లి, శ్వాసను కొలిచే విధానాన్ని చూచాను.

వెనుకటి వైద్యులు ముక్కు క్రింద చల్లని అద్దం పట్టి, దానిపై ఏర్పడే ఆవిరి మచ్చను చూచేవారు. నేటి పద్ధతి వేరు. ఒక నాసారంధ్రాన్ని పట్టీతో మూసి, అందులో సన్నని గొట్టం అమర్చుతారు. మూసిన వైపు గాలి కదలదు. కనుక ముక్కు వెనుక భాగంలోని పీడనం ఆ గొట్టం ద్వారా యథాతథంగా తెలుస్తుంది. తెరచిన రంధ్రం గుండా సాగే ప్రవాహాన్ని, ముఖానికి తొడిగిన మాస్కుకు తగిలించిన యంత్రం కొలుస్తుంది. పీడనాన్ని ప్రవాహంతో భాగిస్తే వచ్చేదే ముక్కు నిరోధం. లోపల గాలి సుడులు తిరుగుతుంది గనుక పీడనం రెట్టింపైనా ప్రవాహం రెట్టింపు కాదు. అందుచేత 150 పాస్కళ్ల పీడనం, అంటే సుమారు 15 మిల్లీమీటర్ల నీటిమట్టం వద్ద పోల్చడం ఆనవాయితీ.

"నా ముక్కు బాగానే తెరచుకొని ఉన్నదే!" అన్నాను. ఆయన నవ్వి, "ఆ అనుభూతిని నమ్మకండి. మెంథాల్ పీల్చితే ముక్కు విప్పారినట్లుంటుంది, నిరోధం మాత్రం దాదాపు మారదు" అన్నారు. పైగా రెండు రంధ్రాలూ గంటల తరబడి వంతులు మార్చుకుంటాయట. మన స్వరశాస్త్రం ఇడా పింగళల పేరుతో చెప్పిన ఈ మార్పును, జర్మన్ వైద్యుడు కైజర్ 1895లో వర్ణించాడు. కనుక ఒక్క వైపు, ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పరాదు.

ఆ మాట వినగానే నాకు పార్లమెంటు గుర్తుకు వచ్చింది. కాలుష్యం వల్ల ఆయుష్షు తగ్గుతుందని చూపిన భారతీయ అధ్యయనం ఏదీ లేదని, 2019 డిసెంబరులో నాటి పర్యావరణ మంత్రి ప్రకాశ్ జావడేకర్ అక్కడ సెలవిచ్చారు. ఆకాశంలోని ధూళిని లెక్కించే యంత్రాలు మనకున్నాయి. 2.5 మైక్రాన్ల ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించరాదని 2009 నుండి ప్రమాణమూ ఉన్నది. అంత సన్నని ధూళిని ముక్కు వెంట్రుకలు ఆపలేవు. అయితే ఇది సగం కొలత మాత్రమే.

రెండవ సగం మనకు సాధ్యం కానిది కాదు. ఈ శతాబ్ది తొలి దశకంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కోసం కలకత్తాలోని చిత్తరంజన్ జాతీయ కేన్సర్ సంస్థ ఢిల్లీ బడిపిల్లల శ్వాసను కొలిచింది. ఊపిరితిత్తుల శక్తి తగ్గినవారు గ్రామీణ బాలలలోకన్నా ఇక్కడే ఎక్కువని తేల్చింది.

పీడనం ఒక్కటే చూచి, నిరోధం లేదని ధ్రువీకరించే వైద్యుడు ఉండడు. ఆ వెసులుబాటు పాలకులకు మాత్రం ఎందుకు? ఏటా పిల్లల శ్వాసను కొలిచి, ఆ లెక్కను గాలి లెక్క పక్కన సభ ముందుంచాలి. రుజువు ఉన్నదా లేదా అన్న వాదన ఆ తరువాతనే జరగాలి.